కాంతం కుడి భుజం

"చెయ్యి తల మీదికి ఎత్తి పడుకోండమ్మా" అన్నాడు రేడియేషన్ డాక్టరు.

కాంతం ఎత్తింది. కుడిచెయ్యి భుజం ఎత్తుకైనా రాకముందే ఆగిపోయింది. డాక్టరు మోచేతి కింద తన చెయ్యి పెట్టి ఇంకాస్త లేపబోతే, పళ్ళు బిగబట్టి ముఖం గోడవైపు తిప్పేసుకుంది. ఆయన వెంటనే వదిలేశాడు.

"ఆపరేషన్ అయ్యాక ఎక్సర్‌సైజులు చెప్పలేదా మీకు?"

"చెప్పారు" అంది కాంతం.

"చెయ్యలేదా?"

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది. పక్కనున్న నేను చేతిలో ఫైలు అటూ ఇటూ తిప్పాను.

డాక్టరు విసుక్కోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని మా ఇద్దరికీ కలిపి చెప్పాడు. మెషిన్ కింద పడుకున్నంతసేపూ చెయ్యి తల పక్కన, పైకి ఉండాలట. లేకపోతే కిరణాలు పడాల్సిన చోటికి చెయ్యే అడ్డొస్తుందట. కీమో అయిపోయి ఇప్పటికే కొన్నాళ్ళయింది కాబట్టి ఎక్కువ రోజులు ఆగడం మంచిది కాదన్నాడు.

"మూడు వారాలు చూస్తాను. ఇవాళే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి" అన్నాడు.

అది ఏప్రిల్ నెల. ఆస్పత్రి నుంచి నేరేడ్‌మెట్ వచ్చేదాకా ఆటోలో వేడిగాలి ముఖాన కొడుతూనే ఉంది. కాంతం కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళోకి అదిమి పట్టుకుని, కొంగు పైన కప్పుకుని కూర్చుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టుగా ఆరునెలలనుంచీ అలాగే పట్టుకుంటోంది ఆ చేతిని.

నా భార్య ఆడపిల్లల స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది. ఆమె విజిల్ ఊదితే గ్రౌండంతా చేతులు పైకి లేచేవి. మళ్ళీ ఊదితే దిగేవి. దారిలో ఎక్కడైనా పాత విద్యార్థులు కనపడితే, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు కూడా, ఆమెను చూడగానే నడుం నిటారుగా పెట్టి నిలబడతారు. అలాంటి మనిషికి తన చెయ్యి తనకే లేవకుండా పోయింది.

అక్టోబర్‌లో ఆపరేషన్ అయింది. కుడి రొమ్ము తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీశారు. ఇంటికొచ్చిన రోజే ఆమె మా అమ్మాయి గదిలోకి మారిపోయింది. డోరా పెళ్ళి చేసుకుని రాంగోపాల్‌పేటలో ఉంటోంది కాబట్టి ఆ గది ఖాళీయే. ఎందుకని అడిగితే "మీ గురక" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గురక గురించి ఎవరూ అనలేదు. బట్టలు మార్చుకునేటప్పుడు లోపల గడియ పడేది. గాయం ఎలా మానిందో, ఎలా ఉందో నేను చూడలేదు. అడగలేదు కూడా. అడక్కపోవడమే మర్యాద అనుకున్నాను.

మాకు అలవాటే అది. నేను రైల్వేలో లోకో పైలట్‌గా చేశాను. సర్వీసంతా ఆమె బడి నుంచి వచ్చే వేళకి నేను డ్యూటీకి బయల్దేరేవాణ్ణి. నేనొచ్చి పడుకునే వేళకి ఆమె బడికి వెళ్ళేది. దెబ్బలాడుకున్నది తక్కువ. మాట్లాడుకున్నదీ తక్కువే.

ఫిజియోథెరపిస్ట్ పేరు స్వర్ణలత. కాప్రా నుంచి స్కూటీ మీద వచ్చింది. ముప్పై దాటి ఉండవు. హెల్మెట్ తీసి మా షూ ర్యాక్ మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఈ ఇంట్లో ఎప్పట్నుంచో తిరుగుతున్నదానిలా నేరుగా కాంతం గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. లోపల్నుంచి మాటలు వినిపించాయి, తర్వాత ఒక మూలుగు, తర్వాత ఏమీ లేదు. నేను హాల్లో పేపరు పట్టుకుని ఒకే వార్త చదువుతూ కూర్చున్నాను.

బయటికొచ్చి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అంది: "అంకుల్, లోపల జాయింట్ మంచిగనే ఉంది. దాని చుట్టూ ఉన్నయే పట్టేసినయ్. భుజం ఎనక, మెడకాడ, ఛాతిమీద. ఆపరేషన్ అయినకాడ చర్మం కిందికి అతుక్కపోయింది. చంకల నుంచి మోచేతిదాక చర్మం కింద తీగలు సుత లేసినయ్. కొందరికి అయితది గట్ల, భయపడేదేం లేదు. కానీ అవన్నీ కదలాలె."

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"నేను రోజు విడిచి రోజు వస్త. నడుమ రోజులల్ల ఇంట్లోళ్ళు చెయ్యాలె. లేకుంటె నేను చేసింది చేసినట్టే మళ్ళ బిగుస్తది."

"మా అమ్మాయి ఆదివారాలు వస్తుంది."

"ఆదివారం ఒక్కటి సరిపోదు. మీరు చెయ్యండి."

గదిలోంచి కాంతం గొంతు వినిపించింది. "ఆయనా? వద్దు."

"ఎందుకాంటీ?"

"ఆయనకి చేతకాదు."

"నేర్పిస్త" అంది స్వర్ణలత.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నా ముంజేతి మీదే చూపించింది. వేళ్ళు ఆనించి కొంచెంసేపు ఊరికే ఉంచింది. తర్వాత నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. నొప్పి పుట్టిన చోట ఆగింది. ఆ నొప్పి దానంతటదే కరిగేదాకా అక్కడే ఉండి, అప్పుడు పక్కకు కదిలింది.

"పైపైన రుద్దుడు కాదు అంకుల్. చర్మం మీద జారొద్దు. చర్మాన్ని పట్టుకొని లోపలున్నదాన్ని కదపాలె. ఆంటీ ఊపిరి విడిచినప్పుడు మీరు జెర లోపలికి పోవాలె. బలంతోని పనిలేదు, ఓపిక ఉంటే చాలు. మచ్చమీద, చంకల మాత్రం పైననే, మెల్లగ. ఆ చేయి ఎర్రగైనా, వాచినా ఆపి నాకు ఫోన్ చెయ్యాలె."

కాంతం ఒప్పుకుంది, షరతుల మీద. జాకెట్టు మీదనుంచే చెయ్యాలి. మెడ, భుజం వెనక, జబ్బ. అంతవరకే. ముందువైపుకి రాకూడదు.

మర్నాడు పొద్దున టిఫిన్ కాగానే డైనింగ్ కుర్చీని తిప్పి వేశాను. వీపు నావైపు పెట్టి, దిండు కౌగిలించుకుని కూర్చుంది. నేను వేళ్ళు ఆనించాను. రెక్క ఎముక పక్కన కండ కొయ్యలా ఉంది.

"ఏం చేస్తున్నారు, చపాతీ పిండా?" అంది.

"గట్టిగా ఉందా?"

"అసలు లేదు. కొంచెం ఎడమకి. మీ ఎడమ కాదు, నా ఎడమ."

"ఇద్దరం ఒకేవైపు చూస్తున్నాం కదా కాంతం, ఇద్దరికీ ఒకటే ఎడమ."

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "సరే, కానివ్వండి" అంది.

కీమోకి ఊడిన జుట్టు అప్పుడప్పుడే మళ్ళీ వస్తోంది, బూడిదరంగులో, మెత్తగా. దాని కింద మెడ మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్ళూ జడ కింద ఉండి ఉంటుంది. నేనెప్పుడూ చూసిన గుర్తు లేదు. ఆమెతో అనలేదు.

మొదటి నాలుగురోజులూ తిట్లే తిన్నాను. చెయ్యి చల్లగా ఉందని, గోళ్ళు తీసుకోలేదని, టీవీ చూస్తూ చేస్తున్నానని. ఆ తర్వాత ఒకరోజు ఏమీ అనలేదు. నా వేళ్ళ కింద ఒక ముడి ఉంది, రోజూ ఉండేదే. ఆమె పొడుగ్గా ఊపిరి విడిచింది. ఆ ముడి లోపల్నుంచి ఎవరో సడలించినట్టు మెల్లగా వదులైంది. నేను చెయ్యి తియ్యలేదు. ఆమె కూడా తియ్యమనలేదు. సందులో నీళ్ళ ట్యాంకరు వచ్చి ఆగి, బిందెల చప్పుడు మొదలయ్యేదాకా అలాగే ఉన్నాం.

మాలిష్ సంగతి అలా కుదిరింది కానీ ఎక్సర్‌సైజుల దగ్గర కాంతం మొండికేసింది. గోడకెదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించాలి. కర్ర రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తాలి. "ఇవన్నీ నేను పిల్లలకి చెప్పినవే" అనేది. చెప్పి ఊరుకునేది.

స్వర్ణలత అది విని, "అయితే నాకు చెప్పండాంటీ. స్కూల్ల డ్రిల్ పీరియడ్ ఎగ్గొట్టేదాన్ని నేను" అంది. హాల్లో గోడ ముందు నిలబడి, రెండు చేతులూ వంకరగా ఎత్తింది.

కాంతం సోఫాలోంచి చూసింది. "మోచెయ్యి వంచకు."

"గిట్లనా?"

"భుజాలు చెవులదాకా లాగుతున్నావు. కిందికి దించు. చెయ్యి ఎత్తడమంటే భుజం ఎత్తడం కాదు."

"మరెట్లాంటీ? నాకు అర్థమైతలేదు."

కాంతం లేచి వెళ్ళింది. స్వర్ణలత పక్కన నిలబడి, "ఇలా" అంటూ తన ఎడమచెయ్యి పైకి చాపింది. తర్వాత, ఒంటిచేత్తో చూపిస్తే పాఠం సగమే అవుతుందనిపించిందో ఏమో, కుడి చేతివేళ్ళు గోడకి ఆనించి పైకి నడిపించింది. ముఖం చెమట పట్టింది. భుజం ఎత్తులో ఆగి, ఇంకొక్క వేలు పైకి వేసింది. ఇద్దరూ పక్కపక్కన గోడకి ముఖాలు పెట్టి నిలబడి ఉన్నారు. వెనకనుంచి చూస్తున్న నాకు స్వర్ణలత నవ్వుతోందని తెలుస్తోంది. కాంతానికీ తెలిసే ఉంటుంది. ఆ రోజునుంచీ పొద్దున్నే హాల్లోంచి ఆమె గొంతు వినిపించేది, తనకు తానే డ్రిల్ చెప్పుకుంటూ. నేను వంటింట్లో టీ కాస్తూ వినేవాణ్ణి.

చెయ్యి భుజం దాటింది. చెంపదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఎంత చేసినా అక్కణ్ణుంచి కదల్లేదు. స్వర్ణలత కూడా ఆ రోజు నవ్వలేదు. "ఎనకనుంచి రావాల్సింది మొత్తం వచ్చింది. ఇగ ముందునుంచి గుంజుతుంది. మచ్చమీద చెయ్యాలె, చంకల చెయ్యాలె, రోజూ. నేను రోజు విడిచి రోజు చేస్తే అయితలేదు అంకుల్."

"నువ్వొచ్చిన రోజు నువ్వు చెయ్యి" అంది కాంతం. "మిగతా రోజులు అక్కర్లేదు."

"ఒక్క వారమే ఉందాంటీ."

"తెలుసు."

ఆ ఆదివారం డోరా చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. చర్చిలో అందరూ మమ్మీ గురించి అడిగారని చెప్పింది. కాంతం కూర గిన్నె డోరా వైపు జరిపింది. అక్టోబర్ నుంచి ఆమె చర్చికి రావడం లేదు. ప్రార్థన చెయ్యడానికి ఎవరైనా ఇంటికొస్తే నిద్రపోతోందని నాచేత చెప్పించేది. భోజనాలయ్యాక డోరా ప్లేటు పక్కకు నెట్టి తల్లి వైపు తిరిగింది.

"మమ్మీ, నేను ఈ వారమంతా సెలవు పెడతాను. ఇక్కడే ఉంటాను. స్వర్ణలత గారు చూపిస్తే నేనే చేస్తాను."

"వద్దు."

"డాడీ వద్దు, నేను వద్దు. మరెవరు?"

"నువ్వు చూడకూడదు."

"ఏం చూడకూడదు? నన్ను కన్నావు. పాలిచ్చావు."

"అందుకే" అంది కాంతం.

డోరా నెట్టిన ప్లేటు మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తర్వాత కాంతమే మాట్లాడింది, గొంతు పెంచకుండా, టేబుల్ మీద చూపు పెట్టి.

"నువ్వూ, మీ డాడీ, ఆ డాక్టరు, ఆ పిల్లా, అందరూ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నారు. లేస్తే ఏమవుతుంది? తీసుకెళ్ళి మళ్ళీ ఒక బల్లమీద పడుకోబెడతారు. ఇప్పటిదాకా అదే కదా అయింది. పడుకో అంటే పడుకున్నాను. ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకునే పంపారు. నాకు లేపాలని లేదు డోరా. నన్నెవరూ అడగలేదు, అందుకని చెప్పలేదు."

డోరా ఏడుస్తూ బ్యాగు తీసుకుంది. నేను గేటుదాకా వెళ్ళాను. "మీరు చెప్పండి డాడీ" అంది. "మీరు ఎప్పుడూ ఏమీ చెప్పరు."

తిరిగొచ్చి ప్లేట్లు తీసి సింకులో వేసి కడగడం మొదలుపెట్టాను. కాంతం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీరేమీ అనరా?"

"ఏమనాలో తెలీటం లేదు."

"ఎప్పుడు తెలిసింది మీకు? ఏదొచ్చినా మింగేసి కూర్చుంటారు. నేను గదికి గడియ పెట్టుకుంటున్నానని అందరికీ కనపడుతోంది. మీరు గడియ లేకుండానే లోపల ఉంటారు."

చేతిలో ప్లేటు ఉంది. దాన్ని కడిగి బోర్లించి, కుళాయి కట్టేశాను.

"నాకు భయంగా ఉంది కాంతం" అన్నాను.

ఆమె నావైపు చూసింది. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు ఆగింది. ఆమె వెళ్ళిపోయింది. గది తలుపు పడింది. గడియ చప్పుడు వినపడిందో లేదో నేను గమనించలేదు.

సోమవారం స్వర్ణలత వచ్చే రోజు కాదు. పొద్దున్నే కంటోన్మెంట్ వైపునుంచి పెరేడ్ చప్పుడు వస్తోంది. ఎండ ఇంకా ముదరలేదు. నేను పేపరు తీస్తుంటే కాంతం గది తలుపు తెరుచుకుంది.

"కొబ్బరినూనె తెండి" అంది.

తెచ్చాను. గుమ్మం బయటే ఆగాను.

"లోపలికి రండి. తలుపు వెయ్యండి."

మంచం మీద వెల్లకిలా పడుకుంది. పైకప్పు చూస్తూ ఎడమచేత్తో హుక్స్ తీసుకుంది. నేను సాయం చెయ్యబోయి ఆగిపోయాను. ఆమె కుడివైపు గుడ్డ పక్కకు తొలగించి, చెయ్యి మళ్ళీ మంచం మీద పెట్టుకుంది.

చూశాను. ఆ వైపు చదునుగా ఉంది. చంక కిందనుంచి ఛాతీ మధ్యదాకా ఏటవాలుగా ఒక గీత, ముదురురంగులో, కొన్నిచోట్ల లోపలికి గుంజేసినట్టు. ఆరునెలలుగా నా తలలో నేను చూస్తూ వచ్చింది వేరే. అది చాలా ఘోరంగా ఉండేది. ఇది మనిషి ఒళ్ళే. కాంతం ఒళ్ళే.

"ఏంటి, అలా చూస్తున్నారు?"

"నీటుగా కుట్టాడు."

"ఊఁ" అంది. కొంచెం ఆగి, "నా టైలర్ కంటే నయం" అంది.

నూనె అరచేతుల్లో రాసి వేడి చేసుకున్నాను. స్వర్ణలత చెప్పినట్టే బొటనవేలు మచ్చ మీద ఆనించి ఊరికే ఉంచాను. కాంతం ఒళ్ళంతా బిగుసుకుంది. నేను కదల్లేదు. ఆమె ఊపిరి ఒకసారి వచ్చి వెళ్ళింది, మళ్ళీ వచ్చి వెళ్ళింది. అప్పుడు కొద్దిగా, చర్మం ఎంతవరకు వస్తే అంతవరకే, గుండ్రంగా కదిపాను. తర్వాత పక్కచోటు. తర్వాత దాని పక్కది. ఒకచోట అసలు స్పర్శ లేదంది. ఇంకోచోట మంటగా ఉందంది. మూడోచోటికి వచ్చేసరికి ఆమె కళ్ళ చివరలనుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"నొప్పా?"

"కాదు."

"ఆపనా?"

"వద్దు. మీ పని మీరు చెయ్యండి."

చేశాను. ఆమె ఏడుస్తూనే ఉంది, ముఖం కూడా చిట్లించకుండా. ఎందుకని నేను అడగలేదు. ఈసారి మర్యాద కోసం కాదు. అడగాల్సిన అవసరం కనిపించలేదు. నా బొటనవేలి కింద తెలుస్తూనే ఉంది. చివరికి ఆమే తువ్వాలుతో చెవులు తుడుచుకుని, "నూనె వాసన బాగుంది. రేపు కొంచెం ముందే మొదలుపెడదాం, ఎండెక్కకముందే" అంది.

డోరాకి ఫోన్ చేసి చెప్పాను. "సరే డాడీ" అంది.

ఆ వారం రోజూ చేశాం. స్వర్ణలత వచ్చిన రోజు పక్కన నిలబడి నా చెయ్యి సరిచేసేది. మధ్యలో ఒకరోజు కాంతం తన దిండు తీసుకుని మా గదిలోకి వచ్చేసింది. "కూలర్ ఇక్కడే ఉంది కదా" అంది. నేను అవునన్నాను.

చంకలో తీగలు మాత్రం అలాగే ఉన్నాయి. చెయ్యి ఎత్తినప్పుడు చర్మం కింద బిగించిన తంతిలాగా ఒకటి లేచి కనపడేది. శుక్రవారం పొద్దున, ఆమె చెయ్యి నా భుజం మీద ఆన్చుకుని ఆ తీగ పక్కన వేళ్ళు పెట్టి మెల్లగా సాగదీస్తున్నాను. ఉన్నట్టుండి 'టప్' మని చప్పుడైంది. సన్నని దారం తెగినట్టు. వేళ్ళకి తెలిసింది, చెవికీ వినపడింది.

అలా జరగొచ్చని స్వర్ణలత ముందే చెప్పింది. అయినా గబుక్కున వేళ్ళు వెనక్కి తీసేశాను.

"ఏం విరిచారు?" అంది కాంతం.

"నేనేం విరవలేదు."

"చప్పుడొచ్చింది కదా."

"వచ్చింది. నొప్పిగా ఉందా?"

ఆమె చెయ్యి నా భుజం మీదనుంచి తీసింది. పైకెత్తింది. చెంప దాటింది. చెవి దాటింది. వేళ్ళ వెనకభాగం మంచం తలాపు చెక్కకి తగిలి కొట్టుకుంది. ఆమె తల వెనక్కి వంచి, ఆ చెయ్యి ఎవరిదో చూస్తున్నట్టు చూసింది. తర్వాత నా ముఖం చూసి నవ్వడం మొదలుపెట్టింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలీదు. ఆపుకోలేక నవ్వింది, పొట్ట పట్టుకుని, ఆ చెయ్యి దించకుండానే.

స్వర్ణలతకి ఫోన్ చేస్తే, "తెగిందా? మంచిగైంది. నేను చెప్పిన గద అంకుల్, మీరు పరేషాన్ అయిండ్రా?" అంది.

సోమవారం ఆస్పత్రిలో డాక్టరు మళ్ళీ అదే మాట అన్నాడు, చెయ్యి ఎత్తి పడుకోమని. కాంతం పడుకునేముందు ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. "ఇందులో ఏమైనా తీసేస్తారా?"

"లేదమ్మా. ఏమీ తియ్యం. తగిలినట్టు కూడా తెలీదు."

"ఎంతసేపు పడుతుంది, చర్మానికి ఏమవుతుంది, అన్నీ చెప్పండి. విన్నాక పడుకుంటాను."

ఆయన చెప్పాడు. ఆమె అంతా విని, ఇంకో రెండు సందేహాలు అడిగి, అప్పుడు పడుకుని చెయ్యి తల మీదికి ఎత్తింది.

మే నెలంతా రేడియేషన్‌తో గడిచింది. వారాంతం తప్ప రోజూ మధ్యాహ్నం ఆటోలో వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళం. అక్కడ నూనె రాయకూడదన్నారు కాబట్టి మాలిష్ ఆపేశాం. గోడ దగ్గర డ్రిల్ మాత్రం ఆపలేదు. చివరి రోజుల్లో చర్మం నల్లబడి, చంక దగ్గర పొట్టు లేచింది. డాక్టరిచ్చిన క్రీమ్ రాయాలి. ఒక శనివారం డోరా వచ్చినప్పుడు కాంతం ఆ ట్యూబు డోరా చేతికిచ్చింది. "చేతులు కడుక్కుని రా" అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చాలాసేపటికి డోరా బయటికొచ్చి, ముఖం కడుక్కుని, అన్నం పెట్టమని అడిగింది.

జూన్‌లో వానలు పడ్డాయి. రేడియేషన్ పూర్తయింది. స్వర్ణలత చివరిసారి వచ్చిన రోజు బయట ముసురుగా ఉంది. కాంతం చెయ్యి అన్ని వైపులా తిప్పించి చూసి, ఇక తను రానక్కర్లేదంది. టీ తాగి కప్పు ఇస్తూ నావైపు చూసింది.

"అంకుల్, మెడ తిప్పడానికి మీరు మొత్తం మనిషే తిరుగుతుండ్రు. ఏందది?" లేచి వచ్చి నా భుజం మీద బొటనవేలు పెట్టింది. "అబ్బ, రాయి లెక్క ఉంది. ఎన్నేండ్ల సంది ఇట్ల?"

"ఇంజన్లో కూర్చున్నవాళ్ళందరికీ ఉంటుందమ్మా."

"ఆంటీ, మీరే చూడాలె ఇగ" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

గేటు వేసి వచ్చేసరికి కాంతం హాల్లో చాప పరిచింది.

"పడుకోండి."

"నాకేం లేదు."

"బోర్లా పడుకోండి. చొక్కా తియ్యండి."

డ్రిల్ టీచరు గొంతు. తీసి పడుకున్నాను. ఆమె పక్కన కూర్చుని రెండు చేతులూ నా మెడకి దిగువన వీపు మీద పెట్టింది. కుడిచెయ్యి ఇంకా కొంచెం బలహీనంగా ఉంది, ఎడమదానికంటే తేలిగ్గా ఆనుతోంది. ఆమె తొందరపడలేదు. రెక్క ఎముక పక్కన ఒకచోటు వెతికి పట్టుకుని అక్కడ ఆగింది. నొప్పి తలదాకా పాకింది. అక్కణ్ణుంచి కదల్లేదు ఆమె.

చెబుదామని నేను అనుకోలేదు. చాప గీతలు చెంపకి గుచ్చుకుంటున్నాయి. నా నోరు దానంతటదే మొదలుపెట్టింది.

"కాజీపేట లైన్లో ఒకతను కూర్చుని ఉన్నాడు" అన్నాను. "పట్టా మీద. అటువైపు తిరిగి."

ఆమె చెయ్యి ఆగలేదు. "ఎప్పుడు?"

"రిటైరవడానికి రెండేళ్ళ ముందు. ఫిబ్రవరి. అప్పుడే తెల్లారుతోంది. హారన్ కొట్టాను. కొడుతూనే ఉన్నాను. బ్రేక్ వేశాను. అంత బండి ఎక్కడ ఆగుతుంది. కదలడు. చివర్లో తిరిగాడు కాంతం. తిరిగి నన్ను చూశాడు."

బయట వాన కొంచెం పెద్దదైంది. ఆమె లేచి కిటికీ వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు.

"మిగతా దూరం నడిపి, బండి అప్పజెప్పి, రాసివ్వాల్సింది రాసిచ్చి ఇంటికొచ్చాను. నువ్వు బడికెళ్ళిపోయావు. స్నానం చేసి పడుకున్నాను. నువ్వొచ్చాక చెబుదామనుకున్నాను. నువ్వొచ్చావు. చెప్పలేదు."

"ఆ నెలనుంచే మీరు అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు" అంది కాంతం.

నేను తల తిప్పబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"నామీద విసుగేమో అనుకున్నాను" అంది. "వయసైపోయింది కదా, అంతేలే అనుకున్నాను."

"కాదు."

"ఇప్పుడు తెలిసింది."

నా గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. నాది కాదనిపించింది. ఆమె అరచెయ్యి నా వీపు మధ్యలో పెట్టి, ఒత్తకుండా, బరువు మాత్రం ఉంచింది. అది తగ్గేదాకా అలాగే ఉంచింది.

"అతనికి ఎవరైనా ఉన్నారా?"

"అన్న వచ్చాడని విన్నాను. పేరు కనుక్కున్నాను."

"ఏం పేరు?"

"రాఘవేందర్."

ఆ పేరు అప్పటిదాకా నేనెవరిముందూ పలకలేదు. కాంతం దాన్ని ఒకసారి పైకి అంది, హాజరు పట్టీలో కొత్తగా చేరిన పిల్ల పేరు సరిగ్గా పలకడం నేర్చుకుంటున్నట్టు.

"ఈ ఆదివారం చర్చిలో ఆ పేరు చెప్పి ప్రార్థన చేయించుకుందాం" అంది. "నేనూ వస్తాను."

తర్వాత మోకాళ్ళ మీద జరిగి, నా రెండో భుజం వైపుకి వెళ్ళింది.